మా ఇంటిపేరు సినిమా

2023 మార్చి 22. ఉగాది పండగ, షాబాన్ 29 కూడా. మగ్రిబ్ తర్వాత డాబా ఎక్కి పడమటి వైపు చూశాం. చాంద్ కనబడలేదు. అంటే ఆ రాత్రి తరావీహ్ లేదు, సెహ్రీకి లేవక్కర్లేదు. పక్కింటివాళ్లిచ్చిన బొబ్బట్లున్నాయి. ఆ రోజే 'పఠాన్' ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. ఇక మావాణ్ణి ఎవరాపుతారు?

జనవరి 25న హాల్లో విడుదలైన కొత్తల్లో నేనూ వాడూ చూశాం. ఈలల్లో సగం మాటలు వినబడలేదు. అమ్మీ హాలుకెళ్లి ఇరవయ్యేళ్లు. "మన ఇంటిపేరు పెట్టారంట కదా" అని టీవీ ముందు కూర్చుంది. రేషన్ కార్డులో మా మగాళ్ల పేర్లకు ముందు పఠాన్, చివర ఖాన్ ఉంటాయి మరి. 'బేషరమ్' పాట రాగానే పాలు పొంగుతాయేమోనని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పాలే లేవు.

రుబీనా అడుగుతుంది, నువ్వు ముసల్మానువా అని. అతనికే తెలీదు. తల్లిదండ్రులు సినిమా హాల్లో వదిలేసి పోయారు. అఫ్ఘానిస్తాన్‌లో ఒక ఊరిని మిసైల్ నుంచి కాపాడితే, అక్కడివాళ్లు పఠాన్ అన్నారు.

"ఠైరో బేటా, వెనక్కి తిప్పు" అంది అమ్మీ. రెండుసార్లు తిప్పించింది. "పాపం, యతీమ్ పిల్లాడు" అంది. కాసేపాగి, "అమ్మా అబ్బా ఉన్న పఠాన్‌కి ఈ నౌకరీ ఇస్తే జనం చూడరా?"

ఆ సీను ఎంత నాజూగ్గా తీశారో అని ఆఫీసులో తారీఫ్ చేసింది నేనే. అతను ఈద్‌కి ఆ ఊరే వెళ్తాడు కదమ్మీ అన్నాను. హీరో వాలిద్ సొంతూరు పెషావర్ అన్నాను. వెయ్యి కోట్లు దాటిందన్నాను. నేనడిగిన సవాల్‌కి ఇది జవాబ్ కాదన్నట్టు చూసింది.

"ఇప్పుడు క్లాసులో నన్ను పఠాన్ అనే పిలుస్తారు దాదీ" అన్నాడు మావాడు, సంతోషంగానే.

"అంతకుముందు?"

"మ్యాచ్ ఉన్న రోజుల్లో వేరే పేరు."

ఏ మ్యాచో, ఏ పేరో అడగక్కర్లేదు. నా చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో అందరం ఖాన్లూ, షేకులే. నాకా పేరు డిగ్రీలో తగిలింది. వీడికి పద్నాలుగేళ్లే.

"ఎప్పుడూ చెప్పలేదేంరా?"

"మీరడగలేదుగా అబ్బా."

టీవీలో షారుఖ్ మొహం అలాగే ఆగి ఉంది. అమ్మీ వాడి చెయ్యి పట్టుకుని, "చలో, నొక్కు" అంది. టైగర్ వచ్చే రైలు సీనుకి నిద్రపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. మావాడు మిగతాదంతా సౌండ్ తగ్గించి, ఎడమచేత్తోనే బొబ్బట్టు తింటూ చూశాడు. వద్దనాలని నాకు తట్టలేదు.