ఎగిరి వస్తేనే లెక్క

ఈ బ్లాగులో ఇంతవరకు మదురై నాయకుల కాలం గురించి రాసినారు, మనవాళ్ళు వలసొచ్చిన దోవ గురించి రాసినారు, అవ్వ పెట్టే ఊరగాయ గురించి అయితే మూడుసార్లు రాసినారు. నేను విమానాల గురించి రాస్తాను. వాడిపట్టికీ విమానానికీ ఏం సంబంధం అంటారేమో. ఉంది. మన తాత కుట్టిన కుట్లు చాలా ఏళ్ళు గాలిలో తిరిగినాయి.

1950ల చివర్లో తాత వాడిపట్టి వదిలి బెంగళూరు పోయి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీలో చేరినాడు. అప్పుడు దాని పేరు అదే. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయింది 1964లో. ఇంట్లో అందరూ "తాత విమానం ఫ్యాక్టరీలో పని" అని చెప్పేవాళ్ళే గానీ ఏం పని అని ఎవరూ చెప్పరు. తాత చేసింది కుట్టుపని. మగవాడు సూది పట్టుకున్నాడంటే ఊర్లో ఏమనుకుంటారో అని అవ్వ దాచిపెట్టిందని నా అనుమానం.

ఆ కాలం చిన్న విమానాలకు రెక్కల మీద ఉండేది రేకు కాదు, గుడ్డ. లోపల చట్రం ఉంటుంది. దాని మీద గుడ్డను దిండు గలేబు మాదిరి తొడుగుతారు. తర్వాత మైనం పూసిన దారంతో, జానెడుకు మించిన సూదితో, రెక్క పైనుంచి కిందికి గుచ్చి, కిందినుంచి పైకి తీసి, లోపలి ప్రతి పక్కటెముకకు కట్టుకుంటూ పోతారు. ప్రతి కుట్టుకూ ఒక ముడి. ఆ ముడి జారకూడదు. ఒక ముడి తెగినా పక్కది నిలబడాలి. కుట్ల మీద పట్టీ అంటించి, డోప్ అనే ఘాటైన పూత పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ ముడుచుకుని తప్పెట తోలు మాదిరి బిగుస్తుంది. వేలితో కొడితే మోగుతుంది. తాత సాయంత్రం ఇంటికొస్తే ఒంటినిండా గోళ్ళరంగు వాసన అని నాయన చెప్పేవాడు.

తాత కుట్టింది పుష్పక్ విమానానికి. డాక్టర్ వి.ఎం. ఘాటగే బృందం తయారు చేసిన రెండు సీట్ల చిన్న విమానం అది. 1958 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. రెక్క తల పైన, సీట్లు పక్కపక్కన, ముందర 90 గుర్రాల కాంటినెంటల్ ఇంజను. చూడటానికి అమెరికా వాళ్ళ ఏరోంకా చీఫ్ పోలిక. నూట యాభై దాకా చేసి దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు ఇచ్చినారు. ఎందరో పైలట్లు మొదట దీంట్లోనే నేర్చుకున్నారు. నేను చదివిన కన్నడ మీడియం బడి జక్కూరు ఫ్లయింగ్ స్కూలుకు దగ్గర. నా కాలానికి బడి పైన తిరిగేవి సెస్నాలే. పుష్పకం అంటే మాకు రామాయణ పాఠంలోదే.

ఆ పుష్పక్ సంగతి నాకు తగిలింది ఇక్కడ కాదు, ఇంగ్లండులో. ఆఫీసు పని మీద ఆరు నెలలు అక్కడ ఉన్నాను. టెస్టింగ్ టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆదివారం రమ్మని పిలిచినాడు. "ఫ్లై-ఇన్" అన్నాడు. ఏదో ఎయిర్ షో అనుకుని పోయినాను. అక్కడ టికెట్టు లేదు, మైకు లేదు, గాలిలో గిరికీలు లేవు. ఒక పచ్చిక మైదానం, ఒక పక్క రేకుల షెడ్డు, ఒక టీ బల్ల.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒక్కొక్కటే రావడం మొదలయింది. ముందు దూరంగా తుమ్మెద శబ్దం. తర్వాత చెట్ల మీదుగా ఒక పసుపుపచ్చ విమానం వంగి తిరిగి, గాలికి ఎదురుగా వచ్చి, గడ్డి మీద రెండు ఎగురులు ఎగిరి నిలబడుతుంది. టైగర్ మాత్, పైపర్ కబ్, ఆస్టర్. అన్నీ మన తాతల వయసువే. టైగర్ మాత్ మొదట ఎగిరింది 1931లో. దానికి బ్రేకులు లేవు. తోక కింద చక్రం కూడా లేదు, ఒక ఇనుప బద్ద ఉంటుంది. అది గడ్డిలో గీరుకుంటూ పోయి విమానాన్ని ఆపుతుంది. అందుకే దానికి సిమెంటు రన్‌వే కన్నా గడ్డి నేల మేలు. స్టార్టరు కూడా ఉండదు. ఒకాయన సీట్లో కూర్చుంటే ఇంకొకాయన ముందర నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. ఒక్కడే పోదామంటే కుదిరే పని కాదు.

దిగిన ప్రతివాడూ చేసే పని ఒకటే. పుస్తకంలో విమానం నంబరు రాయడం, ఎక్కడినుంచి వచ్చినాడో రాయడం, టీ తీసుకోవడం, పక్కవాడి ఇంజను మూత తెరిపించి చూడడం. "ఈ గ్యాస్కెట్ ఎక్కడ దొరికింది?" "గుడ్డ మార్చి ఎన్నేళ్ళయింది?" మన పెళ్ళిళ్ళలో "ఏ ఊరు, ఎవరి బిడ్డవి" అని అడిగినట్టే. భోజనం ఏమంత గొప్పగా లేదు, రొట్టెలో ఏదో పెట్టి ఇచ్చినారు. అమెరికాలో దీన్ని "వంద డాలర్ల హ్యాంబర్గర్" అని ఎగతాళి చేస్తారట. తినే రొట్టె ఖరీదు కొంచెమే, దానికోసం కాల్చిన పెట్రోలు ఖరీదు వంద. ఆ దేశంలో ఆష్‌కాష్ అనే ఊర్లో 1970 నుంచి ఏటా జరిగే సభకు వేల విమానాలు వస్తాయి. అక్కడి మన తెలుగు వాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని పోతుంటారు. నాకు మాత్రం ముప్పై విమానాలొచ్చిన ఆ చిన్న మైదానమే బాగుంది.

మధ్యాహ్నం ఒక లారీ వచ్చింది. దాని మీద రెక్కలు విప్పి కట్టిన ఒక విమానం. కొత్త పెళ్ళికూతురు మాదిరి మెరిసిపోతా ఉంది. అద్దంలో చూసుకోవచ్చు దాని పూతలో. జనం మర్యాదగా చూసినారు, రెండు మాటలు పొగిడినారు, మళ్ళా నూనె కారే తమ పాత విమానాల దగ్గరికి వెళ్ళిపోయినారు. దాని నంబరు పుస్తకంలో రాయలేదు. ఎందుకని మా పెద్దాయన్ని అడిగితే, రోడ్డు మీద వచ్చింది కదా, ఎగిరి వస్తేనే లెక్క అన్నాడు.

పని చేస్తుందా అన్న ప్రశ్నకు మా ఉద్యోగంలో ఒకటే జవాబు, నడిపి చూడు. అందుకే ఆ నియమం నాకు వెంటనే ఎక్కింది. ఈ క్లబ్బుల వాళ్ళు వస్తువును కాపాడటం అంటే దుమ్ము తుడవడం అనుకోరు. గుడ్డ రెక్కకు ఎండే శత్రువు. కొన్నేళ్ళకొకసారి ఒక పరికరంతో గుడ్డను నొక్కి బలం చూస్తారు, తట్టుకోకపోతే మొత్తం విప్పి మళ్ళా కుట్టాలి. ఇంజను ఊరికే ఉంటే లోపల తుప్పు పడుతుంది. నడిపితేనే నూనె అన్ని మూలలకూ పోతుంది. ఏడాదికొకసారి పరీక్ష చేసి పత్రం ఇస్తే తప్ప ఎగరనివ్వరు. ఇవన్నీ ఒంటరిగా ఒకడు చేయలేడు. ఆ ఆదివారం టీ బల్ల దగ్గర అడిగి తెలుసుకునే గ్యాస్కెట్ మాటలే ఆ విమానాల్ని బతికిస్తున్నాయి.

అక్కడే ఒక ముసలాయన, తోలు కోటు, నన్ను చూసి బెంగళూరా అని అడిగినాడు. అవునన్నాను. "మీ ఊరి విమానం ఒకటి మా దేశంలో ఉంది తెలుసా?" అన్నాడు. జి-ఏవీపీఓ అని నంబరు చెప్పినాడు. హెచ్.ఏ.ఎల్. పుష్పక్. 1960లలో బ్రిటన్ రిజిస్టరులోకి ఎక్కిందట. ఇలాంటి పాత విమానాల కూటాలకు వస్తుండేదట. ఆ రోజు అది రాలేదు. రాకపోయినా ఆ పచ్చికలో నాకు తాత కనపడినాడు. ఆ రెక్కల గుడ్డ ఎన్నిసార్లు మార్చి ఉంటారో, తాత వేసిన కుట్టు ఒక్కటి కూడా మిగిలి ఉండదు. అయినా దాని మీద ఎవరు కుట్టినా ఆ ముడే వేయాలి. జారని ముడి.

తిరిగొచ్చి మన దేశంలో ఇలాంటి కూటాలు ఏమున్నాయని వెతికినాను. పాత విమానాల మీద ప్రేమ లేదని కాదు. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చినాడు కదా, యాభై ఏళ్ళకు, 1982లో, 78 ఏళ్ళ వయసులో అదే దోవన లెపర్డ్ మాత్‌లో ఒక్కడే ఎగిరినాడు. 1932లో ఆ టపాను బొంబాయి నుంచి బళ్ళారి మీదుగా మదరాసు చేర్చింది ఆయన జోడీ నెవిల్ విన్సెంట్. బళ్ళారి అంటే మన భాష వినపడే ఊరే. వాయుసేన వాళ్ళు కూడా ఒక టైగర్ మాత్‌ను బాగుచేయించి 2012లో హిండన్‌లో ఎగరేసినారు. కానీ ఇవన్నీ ఒక్కొక్క విమానం, ఒక్కొక్క రోజు. ఆదివారం పొద్దున పక్క ఊరి మైదానంలో దిగి టీ తాగొచ్చే కూటం వేరు.

ఇక్కడ అది ఎందుకు కష్టమో చెబుతాను. ఒక చోటినుంచి ఇంకో చోటికి ఎగరాలంటే ముందే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, వాయు రక్షణ వాళ్ళ దగ్గర క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి, దిగే చోటు వాళ్ళ అనుమతి కావాలి. ఆ ఇంగ్లండు మైదానానికి చాలామంది ఒక ఫోను చేసి వచ్చినారు. మన దగ్గర ఉన్న విమానాశ్రయాలు ఎక్కువభాగం ప్రభుత్వానివో వాయుసేనవో. చిన్న ఇంజనుకు కావలసిన ఏవ్‌గ్యాస్ ప్రతి చోటా దొరకదు, దొరికినా ఖరీదు. నియమాలన్నీ పనికిరానివని నేను అనను, సరిహద్దులున్న దేశం మనది. కానీ పాత విమానం ఒకటి బాగుచేసుకున్నవాడు దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలి? పోయే చోటు లేని విమానం షెడ్డులోనే ఉంటుంది. షెడ్డులో ఉన్నది పాతసామాను అవుతుంది.

మన కోయంబత్తూరు వాళ్ళ కథ చూడండి. జి.డి. నాయుడు ఊరు అది, యంత్రం అంటే ప్రాణం పెట్టే తెలుగు ఇళ్ళు ఎన్నో అక్కడ. లక్ష్మీ మిల్స్ కుటుంబపు కరివర్ధన్ సొంతంగా రేసు కార్లు తయారు చేసి కుర్రవాళ్ళకు నేర్పినాడు. 1995లో చిన్న విమాన ప్రమాదంలో పోయినాడు. చెట్టిపాళయంలో ఆయన పేరు మీద కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2.1 కిలోమీటర్లు. చిన్న విమానాల కోసం వేసిన రన్‌వే ఉన్న చోటే ఆ ట్రాక్ వచ్చింది. మదరాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద కూడా ఏళ్ళ తరబడి కార్ల పందేలే జరిగినాయి. పాత రన్‌వేలకు మన పక్క కార్లే దిక్కయినాయి. పిచ్చి ఉంది, చేతులు ఉన్నాయి, దిగేదానికి పచ్చిక లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఇది మన ఇంటి బ్లాగు కాబట్టి. ఈసారి శివరాత్రికి కులదైవం గుడిలో పూజ వీడియోలో చూపిస్తాం, పంగాళీలందరూ డబ్బు ఆన్‌లైన్‌లో పంపితే చాలు అని చిన్నాయన గ్రూపులో పెట్టినాడు. ఆయన మీద నాకు కోపం లేదు. పోయినేడు వచ్చింది ఆరిళ్ళవాళ్ళు. పందిరి, వంట, నీళ్ళు అన్నీ ఆయన ఒక్కడి నెత్తిన పడినాయి. ఫోను చేసినాను.

"ఏంరా, నువ్వే కంప్యూటర్‌లో పని చేసేవాడివి, నువ్వే వద్దంటే ఎట్ల?" అన్నాడు.

"చిన్నాయనా, వీడియో పెట్టండి, రాలేని ముసలివాళ్ళు చూస్తారు. రాగలిగినవాళ్ళకు మాత్రం లింకు పంపొద్దు" అన్నాను.

"వచ్చి ఏం చేస్తారు? పోయినసారి మీ పిల్లలు కూడా మూల కూర్చుని ఫోన్లే చూసినారు."

అది నిజమే. నా కొడుకు కన్నడం మాట్లాడతాడు, కోయంబత్తూరు పిల్లలు తమిళం, చెన్నై పిల్లలు ఇంగ్లీషు. కానీ రెండో రోజు చెరువు గట్టు మీద ఆడేటప్పుడు వాళ్ళకు కలిసిన భాష ఏదో తెలుసా? అవ్వ తిట్టే తెలుగు. "పోరా బడవా" అని వాళ్ళలో వాళ్ళు ఒకటే అరుపులు. ఫోనులో, అవ్వతో మాట్లాడు అంటే వాడు బొమ్మ మాదిరి నిలబడతాడు. ఆ గట్టు మీద మాత్రం తప్పో ఒప్పో నోరు తెరిచినాడు. అది నేను కళ్ళారా చూసినాను, చిన్నాయనకు చెప్పినాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వంటకు ఎవరు నిలబడతారో ముందు చెప్పు, తర్వాత మాట్లాడదాం అన్నాడు.

కాబట్టి చెబుతున్నాను. మొదటి రోజు వంట బెంగళూరు వాళ్ళం చూసుకుంటాం. పందిరి కోయంబత్తూరు మామ ఒప్పుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి ఇంకా మనుషులు కావాలి, ఈ వారంలో చిన్నాయనకు ఫోను చేయండి, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవద్దు. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళు కొడై రోడ్డులో దిగండి, అక్కడినుంచి వాడిపట్టికి బస్సుంది. గుడి అరుగు మీద ఒక నోటుపుస్తకం పెడతాను. ఎవరు ఏ ఊరినుంచి వచ్చినారో పిల్లలే రాయాలి, ఏ లిపిలో రాసినా సరే. అందరికన్నా దూరంనుంచి వచ్చినవాళ్ళకు అత్త చేసే మొదటి బొబ్బట్టు.

తాత దబ్బనం, రెక్కలు కుట్టిన ఆ పొడుగు సూది, అత్త దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ దాంతో వడ్ల బస్తాలు కుడుతోంది. కడిగి, నూనె రాసి పెట్టమన్నాను. ఆ ముడి ఎట్ల వేస్తారో నాయన తాత దగ్గర చూసి నేర్చుకున్నాడు. గోనెపట్టా మీద పిల్లలకు వేసి చూపిస్తానన్నాడు. ఫోటో అడగొద్దు, పెట్టను.