మాకు దొరకని మంగళవారం

పోయిన సంవత్సరం మా తరగతిలో "ఎంత?", "ఎప్పుడు?" పాఠం చెబుతున్నాము. ఫ్రీమాంట్ నుంచి హైదరాబాదు ఎంత దూరమర్రా అని అడిగితే, ఒక బుడతడు చెయ్యెత్తి "మూడు సినిమాలు, రెండు నిద్రలు" అన్నాడు. అందరం నవ్వుకున్నాము గానీ తప్పని మాత్రం అనలేకపోయాము. మన పెద్దవాళ్ళు పక్క ఊరి దూరాన్ని చుట్ట కాల్చినంతసేపు అని చెప్పలేదూ!

సరే, బోర్డు మీద లెక్క వేశాము. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాదుకి గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే సుమారు 13,500 కిలోమీటర్లు, అంటే 8,400 మైళ్ళు. ఆమడకి ఎనిమిది మైళ్ళ చొప్పున వెయ్యి ఆమడల పైమాటే. దుబాయి మీదుగా వెళితే అది సుమారు 15,600 కిలోమీటర్లు అవుతుంది. దుబాయికి దాదాపు పదహారు గంటలు, అక్కడ పడిగాపులు మూడు గంటలు, హైదరాబాదుకి మరో మూడున్నర.

"దూరం ఎక్కువైతే టైమూ ఎక్కువేగా?" అంది ఒక అమ్మాయి. అన్నిసార్లూ కాదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చే విమానాన్ని అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,300 అయింది. అయినా పడమటి నుంచి తూర్పుకి వీచే పైగాలి వెనకనుంచి తొయ్యడంతో సుమారు పధ్నాలుగున్నర గంటల్లోనే దిగింది. పిల్లలకి ఇది భలే నచ్చింది.

మాకు మాత్రం వేరే లెక్క గుర్తుకొచ్చింది.

2012 జనవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున తెనాలి దగ్గర మా ఊరి నుంచి తమ్ముడు ఫోను చేశాడు. నాన్నగారు పోయారు. అక్కడ అప్పుడు సోమవారం సాయంత్రం. "అన్నయ్యా, మీరు వచ్చేదాకా ఉంచమంటారా?" అన్నాడు. కొరివి పెట్టాల్సింది పెద్దకొడుకు. ఇద్దరం వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకున్నాము. టికెట్లు దొరక్కపోతే? దుబాయిలో విమానం తప్పితే? అమ్మని రెండు రాత్రులు అలా కూర్చోబెట్టడమా? "వద్దురా, నువ్వే కానివ్వు" అన్నాము.

టికెట్లు దొరికాయి. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కి, బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాదులో దిగాము. ఆలస్యమన్నది లేదు. పదిన్నరకల్లా ఇంటి ముందున్నాము. ఇండియాలో ఆ మంగళవారమంతా మేము ఆకాశంలోనో, ఎయిర్‌పోర్టులోనో ఉన్నాము. ఆ మధ్యాహ్నమే అంతా అయిపోయింది. ఒక్క రోజు ఆగమని ఉంటే అందుకునేవాళ్ళమే.

అమ్మ ఒక్క మాట అనలేదు. "అంతసేపు కూర్చుని కాళ్ళు వాచాయేమో చూసుకోండి" అంది.

ఈ సంగతి పిల్లలకి చెప్పలేదు. హోంవర్కు మాత్రం ఇచ్చాము. శనివారం రాత్రి ఎనిమిదింటికి అమ్మమ్మకో తాతయ్యకో నానమ్మకో ఫోను చేసి, ఆ వారం పాఠం చదివి వినిపించాలి. అక్కడ అప్పుడు ఆదివారం ఉదయం, చలికాలమైతే తొమ్మిదిన్నర, వేసవి అయితే ఎనిమిదిన్నర. ఆ హోంవర్కు మేమూ చేస్తున్నాము. ఫోను ఎత్తగానే అమ్మ ముందు అడిగేది ఒకటే: "మీకక్కడ ఇప్పుడు ఏం వారం?"