తడ... ఒకే ఊరు, రెండు తెరలు!

చెన్నై సెంట్రల్‌ పక్కనే ఉన్న మూర్‌ మార్కెట్‌ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్‌ ఎక్కండి. గుమ్మిడిపూండి దాటేసరికి పెట్టె సగం ఖాళీ అవుతుంది. ఎలావూరు, ఆరంబాక్కం... ఆ తర్వాత వచ్చేదే తడ. ఆరంబాక్కంతో తమిళనాడు అయిపోతుంది. ఆ సంగతి స్టేషన్‌ బోర్డు మీది అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది. పెట్టెలో కూర్చున్నవాళ్ల కబుర్లను బట్టి రాష్ట్రం మారిందని చెప్పడం కష్టం. తమిళంలో మొదలైన మాట తెలుగులో ముగుస్తూ ఉంటుంది.

తడ అనగానే చాలామందికి జలపాతం గుర్తొస్తుంది. నిజానికి ఆ ఉబ్బలమడుగు ఉన్నది పక్కనున్న వరదయ్యపాళెం మండలంలో. పేరు మాత్రం తడ కొట్టేసింది! ఇంకొందరికి శ్రీసిటీ ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. పక్షుల మీద మక్కువ ఉన్నవారికైతే పులికాట్‌ సరస్సు. నేను వెళ్లింది ఈ మూడింటికీ కాదు. టీవీ చూడ్డానికి!

నవ్వకండి. సీరియళ్లు రాసేవాళ్ల చేతివాటం ఎక్కడైనా దొరుకుతుందంటే అది ఇలాంటి సరిహద్దు ఊళ్లోనే. ఒకే కథను రెండు భాషల్లో చూసినవారికి కథ అతుకులు కనిపించినంతగా మనలాంటి ఒంటి భాషవాళ్లకు కనిపించవు.

తడ నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఈ చుట్టుపక్కల గీతలు గీయడం, చెరపడం కొత్తేం కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా సరిహద్దు తగాదా తేలలేదు. 1960లో తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీతలెటు జరిగినా పెళ్లి సంబంధాలు మాత్రం ఆగలేదు. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో కోడలిది ఒక వైపు బడి, అత్తది ఇంకోవైపు బడి.

గాల్లో వచ్చే బొమ్మలకైతే ఆ గీత ఎప్పుడూ పట్టలేదు. మద్రాసులో దూరదర్శన్‌ 1975 ఆగస్టు 15న మొదలైంది. హైదరాబాద్‌లో రెండేళ్ల తర్వాత, 1977లో. హైదరాబాద్‌ ఇక్కడికి అయిదొందల కిలోమీటర్ల పైమాటే. మద్రాసు టవరేమో పక్కనే. యాంటెన్నా ఎటు తిప్పుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు కదా! అలా తెలుగు టీవీ కంటే ముందే తమిళ టీవీ అలవాటైన ఊరిది. 1993లో సన్‌ టీవీ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్‌ వైరు రెండు భాషల్నీ ఒకే డబ్బాలో పడేసింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

నేను దిగింది ఒక మిత్రుడి ఇంట్లో. వాళ్లమ్మగారు పుట్టింది ఆరంబాక్కం వైపు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకున్నది తమిళ బడిలో. ఇంట్లో అందరికీ ఆమె అవ్వ. కోడలిది నాయుడుపేట. ఆమెకు తమిళం అర్థమవుతుంది గానీ అందులో ఏడవడం రాదంటుంది. సీరియల్‌ చూడాలంటే అదే కదా ముఖ్యం!

1999 చివర్లో సన్‌ టీవీలో ‘చిత్తి’ మొదలైంది. రాధికది ప్రధాన పాత్ర, నిర్మాణం ఆమె సంస్థ రాడాన్‌ది. అదే తెలుగులో ‘పిన్ని’గా జెమినిలో వచ్చింది. ‘న్యాయం కావాలి’, ‘స్వాతిముత్యం’ చూసిన మనకు రాధిక పరాయిదేం కాదు. అందుకే డబ్బింగ్‌ అని తెలిసినా ఊళ్లకు ఊళ్లు ఆ సీరియల్‌ ముందు కూర్చున్నాయి. అయితే డబ్బింగ్‌ కదా, తెలుగులో వెనకాల వచ్చేది. అంటే ఈ ఇంట్లో అత్తకు కథ ముందే తెలుసు! కోడలు ఇవాళ చూసి కళ్లొత్తుకుంటున్నదాన్ని అత్త ఎప్పుడో చూసేసి ఉండేది. “చెప్పొద్దత్తా... నీకు దండం పెడతా” అనేదాన్నని కోడలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. అవ్వ చెప్పేది కాదట, నవ్వేదట. ఆ నవ్వుకే కోడలికి ఒళ్లు మండేది. కథ ముందే తెలిసినవాళ్ల చేతిలో ఎంత పెత్తనం ఉంటుందో ఆలోచించండి!

ఆ ఇంట్లోనే నాకు తెలిసిన ఒక ముచ్చట చెప్పాలి. ‘చిత్తి’ అనేటప్పుడు పెదవులు కలవవు. ‘పిన్ని’ అనాలంటే కలవాలి. తెర మీద పిల్ల నోరు తెరిచే ఉంటుంది, మనకు మాత్రం ‘పి’ వినిపిస్తుంది. ‘అప్పా’కూ ‘నాన్నా’కూ ఇదే పేచీ, తిరగేసి. అక్కడ పెదవులు కలుస్తాయి, ఇక్కడ కలవవు. ‘అమ్మా’, ‘అక్కా’, ‘తాతా’, ‘మామా’ల దగ్గర ఏ ఇబ్బందీ లేదు, రెండు భాషల్లోనూ అవే. డబ్బింగ్‌ రాసేవాళ్లు పిన్ని దగ్గరా నాన్న దగ్గరా ఎంత తంటాలు పడి ఉంటారో! ఏ సీనులో పిల్ల మొహం చూపించకుండా వెనకనుంచి పిలిపించారో, అక్కడ తెలుగు మాట చక్కగా అతుకుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఆ ఇంటి కోడలు చూపించింది.

ఆ తర్వాత ‘మెట్టి ఒలి’. 2002 నుంచి 2005 దాకా నడిచింది. దర్శకుడు తిరుమురుగన్‌. అయిదుగురు కూతుళ్ల తండ్రి, వాళ్ల పెళ్లిళ్లు, అత్తిళ్లు. తెలుగులో ‘మెట్టెల సవ్వడి’. ‘ఒలి’ అంటే తమిళంలో శబ్దం. తెలుగు చెవికి మాత్రం అది కన్యాశుల్కం లాంటి ‘ఓలి’లా వినపడుతుంది. ఆడపిల్లల పెళ్లిళ్ల కథకు ఆ పొరపాటు అర్థం కూడా సరిపోవడం చిత్రం! ఇలాంటిది సరిహద్దులో ఉన్నవాళ్లకే తడుతుంది.

ఆ సీరియల్లో తిరుమురుగన్‌ తానే వేసిన పాత్ర పేరు గోపి. 2010లో అదే దర్శకుడు ‘నాదస్వరం’ తీశాడు. అందులోనూ ఆయన వేషం వేశాడు, పేరు మళ్లీ గోపి! ఇంటి బరువంతా మోసే మనిషి, చెల్లెళ్ల బాధ్యత... ఊరు వేరు, ఇల్లు వేరు, గోపి గోపీయే. అవ్వ దృష్టిలో అవి రెండు కథలు కావు. “ఆ గోపీనేగా... ఈసారి ఇంకో ఇంట్లో పుట్టినాడు” అంటుంది. ఒక రచయిత తన పాత సీరియల్‌ చూసినవాళ్లకు కొత్త దాంట్లోంచి కన్నుగీటడం అంటే ఇదే. పుట్టుమచ్చ చూసి చుట్టాన్ని పోల్చుకున్నట్టు!

మరి మన తెలుగులో? ఇక్కడే కోడలికి మంచిరోజులొచ్చాయి.

2003లో జెమినిలో ‘చక్రవాకం’ వచ్చింది. 2008లో అది అయిపోగానే అదే చోట ‘మొగలిరేకులు’. 2013 దాకా సాగింది. రెండూ మంజులా నాయుడు, బిందు నాయుడుల చేతిలో తయారైనవి, రెండూ వెయ్యి భాగాలు దాటినవి. వీటికి తమిళ మాతృక లేదు. అంటే అత్తకు ముందే తెలిసే వీల్లేదు! ఈ ఇంట్లో ఇద్దరూ ఒకేరోజు ఒకే సీను చూసి, రేపేమవుతుందో తెలియక ఒకేలా గింజుకోవడం అప్పుడే మొదలు. అత్త పెత్తనం పోయింది, సోఫాలో పక్కన చోటు మాత్రం దొరికింది. నిజం చెప్పాలంటే, డబ్బింగ్‌ సీరియళ్లు వద్దని తెలుగు టీవీ కళాకారులు ఆందోళనలు చేసినప్పుడు నాకు అందులో వాళ్ల ఉపాధి గోడే కనిపించింది. ఈ ఇంట్లో కూర్చున్నాక ఇంకోటి కూడా కనిపించింది. మన కథ మనకు మొదట తెలియడమనేది చిన్న విషయమేం కాదు.

ఇక ఈ రెంటి పోలికలు. ముఖాలు సరేసరి. ‘చక్రవాకం’లో ఇంద్ర అయిన ఇంద్రనీల్‌ ‘మొగలిరేకులు’లో ధర్మ అయ్యాడు. అక్కడ సాగర్‌ ఇక్కడ ఆర్‌.కె.నాయుడు. ఇది అందరూ చూసిందే. నాకు ముచ్చటేసింది పేర్లు. చక్రవాకం నీటి పక్షి. రాత్రిళ్లు జంట విడిపోయి చెరో ఒడ్డునా పిలుచుకుంటుందని కావ్యాలు చెబుతాయి. కలిసీ కలవని ప్రేమల కథకు ఆ పేరు తగిందే. మరి అందులో నాయిక పేరేంటి? స్రవంతి, అంటే నది. ఇంకొకడు సాగర్‌, అంటే సముద్రం (నటుడి సొంత పేరూ అదే అనుకోండి). వీళ్ల మధ్య వానకు దేవుడైన ఇంద్ర. నీటి పక్షి కథలో అందరూ నీళ్లవాళ్లే!

‘మొగలిరేకులు’కు వద్దాం. మొగలిపువ్వు ఎందుకు శివపూజకు పనికిరాదో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. బ్రహ్మ లింగం కొస చూశాడని అబద్ధపు సాక్ష్యం చెప్పి శాపం తిన్నది. అలాంటి పువ్వు పేరు పెట్టిన సీరియల్లో తోబుట్టువుల పేర్లు చూడండి... సత్య, ధర్మ, దయ, శాంతి. అబద్ధం చెప్పిన పువ్వు నీడలో ఇన్ని సద్గుణాలు! దీన్ని కాకతాళీయం అనుకోబుద్ధి కాదు నాకు. ఆ కథలోనే సెల్వస్వామి అని ఇంకొకాయన ఉన్నాడు. సగం తమిళం, సగం మనది అనిపించే ఆ పేరంటే అవ్వకు మహా ఇష్టం. “మనూరోడి పేరు” అంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’. యద్దనపూడి సులోచనారాణి కథ, మంజులా నాయుడి దర్శకత్వం. పేరులోనే రాగం ఉంది. చక్రవాకం కూడా పక్షి ఒక్కటే కాదు, పదహారో మేళకర్త రాగం. ఋతువు, రాగం, పక్షి, పువ్వు... అన్నీ ఒకే దండలోవి. టైటిల్‌ పాట వినపడగానే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చినవాళ్లకు ఆ వరస చెవి గుర్తుపట్టిందే గానీ ఎవరూ విడమరిచి చెప్పలేదంతే.

మర్నాడు పొద్దున సరస్సుకు వెళ్లాను. తడ నుంచి భీములవారిపాలెం దగ్గరే. అక్కడ పడవల రేవు ఉంది. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఎక్కువ భాగం మన వైపే ఉంది. చలికాలం ఫ్లెమింగోలు వేల సంఖ్యలో దిగుతాయి. రేవులో నిలబడి చూస్తే దూరంగా నీటి మీద గులాబీరంగు గీతలా ఉంటాయి, కదిలితే గానీ పక్షులని తెలియదు. ఈ సరస్సుకూ డబ్బింగ్‌ పేర్లున్నాయి మరి! తమిళంలో పళవేర్కాడు. దాన్ని తెల్లవాళ్లు పులికాట్‌ చేశారు. మనవాళ్ల పాత మాట ప్రళయ కావేరి. ఎంత గొప్ప పేరు! మనం మాత్రం పులికాట్‌ అనే అంటాం.

ఆ పాత పేరును బతికించింది స.వెం.రమేశ్‌. ఆయన ‘ప్రళయ కావేరి కథలు’ ఈ నీళ్లవీ, ఈ దీవులవీ. అందులోని తెలుగు ఇక్కడి జనం నోటిది. చిత్రమేమిటంటే అటు ‘పిన్ని’లోనూ, ఇటు ‘చక్రవాకం’లోనూ ఆ తెలుగు లేదు. ఒకటి చెన్నై డబ్బింగ్‌ థియేటర్‌ తెలుగు, ఇంకొకటి హైదరాబాద్‌ డ్రాయింగ్‌రూమ్‌ తెలుగు. రెండు భాషల సీరియళ్లు ఇంతగా చూసిన ఊరు తన మాటను తెరమీద ఒక్కసారీ వినలేదు. అవ్వను అడిగితే, “మన మాట టీవీలో యాడొస్తాది నాయనా, అది ఇంట్లో మాట్లాడుకునేదానికి” అంది. కోడలు మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దరికీ వాదన మొదలైంది. నేను మధ్యలో తల దూర్చలేదు.

భీములవారిపాలెం నుంచే ఇరకం దీవికి పడవలు వెళ్తాయి. తడ మండలంలోదే అయినా అక్కడి జాలరుల ఇళ్లలో వినపడేది ఎక్కువగా తమిళమే. సరుకులకైనా ఆసుపత్రికైనా నీళ్లు దాటి రావాల్సిందే. డిష్‌ గొడుగుకు మాత్రం పడవ అక్కర్లేదు, ఆకాశంలోంచే అందుతుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో రిమోట్‌ కోసం ఎవరూ కొట్టుకోవడం లేదు. అవ్వ ఫోన్లో యూట్యూబ్‌ పెట్టుకుని ‘మెట్టి ఒలి’ మళ్లీ మొదటినుంచి చూస్తోంది. కోడలు తన ఫోన్లో ‘మొగలిరేకులు’. ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు అలవాటు లేదు. ఒకే గదిలో రెండు భాషల ఏడుపులూ ఒకేసారి వినిపిస్తుంటాయి.

మీరు వెళ్లేట్టయితే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. నీళ్లూ ఉంటాయి, పక్షులూ ఉంటాయి. ఎండాకాలంలో సరస్సు చాలాచోట్ల ఎండి బురద తేలుతుంది. పొద్దున్నే పడవ ఎక్కి మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చేస్తే మంచిది. సాయంత్రం ఎవరింట్లోనైనా కాఫీకి కూర్చోబెడితే, సీరియల్‌ నడిచేటప్పుడు మాత్రం కథేంటని అడక్కండి. రెండు భాషల్లో ‘ష్‌’ అంటారు!