చెవిటికల్లు నుంచి హైటెక్ సిటీకి

చెవిటికల్లులో ఆటో ఎక్కి కంచికచర్ల, అక్కడ్నుంచి 65వ నంబరు హైవే మీద బస్సులో హైదరాబాద్. 1998లో మొదలైన సైబర్ టవర్స్ దాటి నడుస్తూ కస్టమర్ సపోర్ట్ ఇంటర్వ్యూకి వెళ్లా. టైపింగ్ టెస్టు, వాయిస్ టెస్టు గట్టెక్కా. తర్వాత కోపంగా ఉన్న కస్టమర్‌లా నన్ను తిట్టారు, ఓపిగ్గా సర్దిచెప్పా. ఆఖర్న 'ఎంటీఐ ఎక్కువ' అన్నారు. అంటే నా ఇంగ్లిష్‌లో అమ్మభాష యాస వినిపిస్తోందట! తిరుగు బస్సులో ఏడుపొచ్చింది.

పొద్దున్నే ఇంటికొచ్చేసరికి నాన్న బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అవతలి హిందీ అర్థంకాక నాకిచ్చాడు. తెలుగు నంబరు నొక్కా. అటువైపు అమ్మాయి అచ్చం మా ఊరి యాస! నాన్న మొహం విప్పారింది. ఆ సీటు నాదీ కావచ్చు. ఈసారి తెలుగు ప్రాసెస్‌కి అప్లై చేశా.