మెల్లకన్ను

మా తరగతిలో ముందు బల్లమీద కూర్చుండు తొమ్మిదేండ్ల బాలుడొకడు, మేము పాఠము చెప్పునప్పుడెల్ల వేఱొకవైపు చూచుచున్నట్లు కనబడెడివాడు. “ఇటు చూడుము” అని రెండు మూడు పర్యాయములు గద్దించితిమి. నాలుగవ పర్యాయము వాడు కన్నీరు నించి, “మిమ్మునే చూచుచున్నానండి” అనెను. శిక్షణ కళాశాలలో బాలుర దృష్టిని పాఠముమీదికి మరల్చు ఉపాయములెన్నియో నేర్చితిమి. ఆ దృష్టి యెట్లున్నదని ముందుగా విచారింపవలెనను మాట మాకు తోచనేలేదు. వాని యెడమకన్ను ముక్కువైపునకు తిరిగి యుండెను.

ఆ సాయంకాలమే వాని యింటికి పోతిమి. “మెల్లకన్ను అదృష్టము, మాష్టరుగారూ! దానిని కదలింపరాదు” అని నాయనమ్మ చెప్పెను. తండ్రి భయము వేఱు. శస్త్రము చేయువారు కనుగ్రుడ్డును బయటికి తీసి మరల పెట్టుదురని యెవరో ఆయనకు చెప్పిరట. ఇట్లు ఏండ్లు గడచిపోయినవి.

మేమును వెంటబోయి వానిని నేత్రవైద్యునికి చూపించితిమి. కుడికన్ను మూయగా వాడు పలకమీది పెద్ద యక్షరమును సైతము పోల్చలేకపోయెను. రెండు కన్నులు రెండు దిక్కుల చూచినచో వస్తువు రెండుగా తోచును. ఆ చిక్కు తప్పించుకొనుటకు పసివాని మెదడు ఒక కంటి చూపును త్రోసిపుచ్చును. ఆ కన్ను చూచుట నేర్వకయే మిగిలిపోవును. మంచికంటికి పట్టీ వేసి, వెనుకబడిన కంటిచేత పనిచేయించుట దీనికి చికిత్స. ఏడేండ్లలోపల ఇది బాగుగా ఫలించును. పిదప ఫలము తగ్గుచు వచ్చును. శస్త్రచికిత్స కన్నును సరిగా నిలుపును గాని, పోయిన చూపును తెచ్చిపెట్టదు. ఈ భేదము అంతవఱకు మేమును ఎఱుగము.

పట్టీతో కొన్ని నెలలు ప్రయత్నించిన పిమ్మట శస్త్రచికిత్స జరిగెను. కనుగ్రుడ్డును ఎవరును బయటికి తీయరు. ప్రతి కంటిని ఆఱు కండరములు త్రిప్పుచుండును. ముక్కువైపు లాగు కండరమును గ్రుడ్డునుండి విడదీసి, కొన్ని మిల్లీమీటర్లు వెనుకకు జరిపి కుట్టుదురు. దాని పట్టు సడలును. బయటివైపు కండరమును కొంత కత్తిరించి, పొట్టిచేసి, తొలిచోటనే కుట్టుదురు. దాని పట్టు బిగియును. బండివాడు ఒక పగ్గము వదలి మఱియొక పగ్గము బిగించినట్లే యని చెప్పగా తండ్రికి ధైర్యము కలిగెను. 1839లో బెర్లిను నగరమున డీఫెన్‌బాఖ్ అను వైద్యుడు ఏడేండ్ల బాలునికి ఈ కండరమును కోసి కన్నును సరిచేసెను. ఈథరుతో మత్తు కలిగించి శస్త్రచికిత్స చేయుట లోకమునకు తెలిసినది 1846లో గదా! ఆ బాలుని తలచుకొన్నప్పుడెల్ల మాకు ఒడలు జలదరించును. మావాడు మత్తులో నిద్రించి, మేల్కొని, ఆనాడే యింటికి వచ్చెను. కొన్ని వారములు కన్ను ఎఱ్ఱగా నుండెను, అంతియే. కొందఱికి రెండవమాఱును చేయవలసివచ్చునట, వీనికి రాలేదు.

తరగతిలో వాడిప్పుడు మమ్ము చూచుచున్నాడని అందఱికిని తెలియుచున్నది. ఎడమకంటి చూపు మాత్రము కొంత మెఱుగైనదే గాని, పుస్తకము చదువునంతగా రాలేదు.

వానికొక చెల్లెలు కలదు, మూడేండ్లది. దాని కన్నును లోనికి తిరుగ నారంభించినది. పుట్టిన మూడు నాలుగు నెలలవఱకు శిశువుల చూపు అప్పుడప్పుడు చెదరుట సహజమే. ఆపైన కన్ను తిరిగినచో చూపింపవలసినదే. అరుదుగా కంటిలోని గడ్డకును మెల్ల గుర్తగును. ఈమాఱు నాయనమ్మయే మనుమరాలిని ఎత్తుకొని వైద్యశాలకు పోయెను. ముందు కంటద్దములు, పిదప పట్టీ, అద్దములతో తీరని మెల్లకు శస్త్రచికిత్స అని వైద్యులు నిర్ణయించిరి. కొందఱు పిల్లలకు అద్దములతోనే సరిపోవునట.

దినమునకు రెండు గంటలు పట్టీ ఉంచవలెను. అది పెరికివేయుటకు ఆ పిల్ల చేయని యుపాయము లేదు. మేము మొన్న పోయినప్పుడు అన్న దాని రెండు చేతులును పట్టుకొని, గడియారము వంక చూచుచు, కథ చెప్పుచుండెను.