వెండిరంగు ఇళ్ల దీవి

సొంతింటి గోడకు ఏ రంగు వేయాలో, ఏ చెక్క కొట్టించాలో ఎవర్ని అడగాలి? మహా అయితే ఇంట్లోవాళ్లని! అమెరికాలోని నాన్‌టకెట్ దీవిలో మాత్రం ఊరినే అడగాలి. అందుకే మూడొందల ఏళ్ల నాటి ఇల్లయినా, మొన్న మొన్న కట్టిందైనా అక్కడ ఒకే తీరుగా కనిపిస్తుంది... వెండిలాంటి బూడిదరంగులో.

మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేప్‌కాడ్ తీరానికి దక్షిణంగా దాదాపు 48 కిలోమీటర్ల దూరంలో ఉంటుందీ దీవి. హయానిస్ రేవులో పెద్ద ఫెర్రీ ఎక్కితే రెండుంబావు గంటల ప్రయాణం. తరచూ పొగమంచు కమ్మేస్తుంటుంది కాబట్టి దీనికి 'గ్రే లేడీ' అని ముద్దుపేరు. రేవు దిగి గుండ్రాళ్లు పరిచిన మెయిన్ స్ట్రీట్‌లోకి అడుగుపెడితే చాలు, కాలం వెనక్కి వెళ్లినట్టుంటుంది.

గోడకో చొక్కా

అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రం మీద కట్టినవే. వానా, మంచూ లోపలికి దిగకుండా ఆ చట్రానికి బయట మరో పొర తొడుగుతారు. దాన్నే 'సైడింగ్' అంటారు. న్యూజెర్సీలోనో మరోచోటో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. అక్కడి గోడల్ని తడితే డొల్లగా శబ్దం వస్తుంది. అది వినైల్... అంటే ప్లాస్టిక్! చవక, రంగు వేసే పనుండదు. దేశమంతా దాన్ని వాడుతున్నా నాన్‌టకెట్‌లో మాత్రం కుదరదు. ఇళ్ల రూపురేఖల్ని కాపాడేందుకు 1955లోనే ఓ కమిషన్ ఏర్పడింది. ఆ తర్వాత దాని పరిధి దీవి మొత్తానికీ విస్తరించింది. కిటికీ చట్రాలకు వేసే రంగును కూడా ఆమోదించిన జాబితాలోంచే ఎంచుకోవాలి. గోడలకేమో ఎక్కువగా తెల్ల సెడార్ చెక్కతో చేసిన పెంకులే.

పాత ఇంటికి కొత్త పెంకులు కొట్టించడం పెద్ద పనే. మొదట పాతవన్నీ పెరికేస్తారు. ఇంటివాళ్ల గుండె దడదడలాడేది అప్పుడే! ఎక్కడ చెమ్మ చేరిందో, ఏ పలక పుచ్చిపోయిందో అంతా బయటపడుతుంది. వాటిని మార్చి, నీరు దిగని కాగితం పరిచి, కింది వరుస నుంచి పైకి పెంకులు కొట్టుకుంటూ వస్తారు... మన పల్లెల్లో తాటాకు ఇల్లు కప్పినట్టే. 16 అంగుళాల పెంకులో బయటికి కనిపించేది 5 అంగుళాలే. మిగతాదంతా పై వరుసల కిందికి వెళ్లిపోతుంది. ఏ రెండు వరుసల అతుకులూ ఒకదాని కింద ఒకటి రాకూడదు. మామూలు మేకులైతే ఉప్పుగాలికి తుప్పుపట్టి గోడంతా చారలు కడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువే వాడతారు.

కొట్టిన కొత్తలో ఇల్లు తేనెరంగులో, చుట్టుపక్కల ఇళ్ల మధ్య కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. రెండు చలికాలాలు గడిస్తే ఎండా, ఉప్పుగాలీ కలిసి దాన్నీ వెండిరంగులోకి మార్చేస్తాయి. ఇక పాతదేదో, కొత్తదేదో పోల్చుకోవడం కష్టం.

పేదరికం కాపాడింది!

ఒకప్పుడు ప్రపంచంలో తిమింగలాల వేటకు పెద్ద కేంద్రం ఈ దీవి. వాటి నూనెతోనే దూరదేశాల్లో దీపాలు వెలిగేవి. 1846లో చెలరేగిన మంటలు ఊరి నడిబొడ్డును బూడిద చేశాయి. తర్వాత కిరోసిన్ వచ్చి వేట వ్యాపారమూ పోయింది. జనం వలసపోయారు. ఉన్నవాళ్ల దగ్గర పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేంత డబ్బు లేదు. ఊడిన పెంకు స్థానంలో మరోటి కొట్టుకుంటూ బతికారు. ఇన్ని పాత ఇళ్లు మిగలడానికి ఆ లేమే కారణం. 1686 నాటి జెత్రో కాఫిన్ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1987లో పిడుగు పడి బాగా దెబ్బతిన్నా, మరమ్మతు చేసి నిలబెట్టారు.

ఇప్పుడు ముప్పు లేమితో కాదు, కలిమితో! వేసవి విడిది కోసం సంపన్నులు పోటీపడటంతో పది లక్షల డాలర్లలోపు ఇల్లు దొరకడం గగనమైపోయింది. కొన్నవాళ్లు వీధిలోకి కనిపించే గోడల్ని అలాగే ఉంచి, లోపల పాత మెట్లూ పొయ్యిగూళ్లూ గదులూ తీసేసి కొత్తగా కట్టుకుంటున్నారు. కమిషన్ చూసేది బయటి రూపాన్నే మరి. తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు అమ్ముకుని వెళ్లిపోతున్నాయి. ఇక్కడి ఇళ్లను బాగుచేసే పనివాళ్లలో ఎంతోమంది పొద్దున్నే ఫెర్రీలో వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్లేవాళ్లే.

ఊరు చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోలేదు. ఎవరైనా ఇల్లు తీసేయాలనుకుంటే, కావలసినవాళ్లు తరలించుకోవచ్చని ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. అలా దొరికిన కొన్ని ఇళ్లను లారీల మీద వేరేచోటికి చేర్చి, దీవిలో పనిచేసేవాళ్లకు అద్దెకిస్తున్నారు.

2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం 14 వేల పైచిలుకు. వేసవిలో ఆ సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. జులైలో వెళ్తే ప్రతి వాకిలీ కళకళలాడుతూ కనిపిస్తుంది. వాటిలో కుటుంబం కాపురముంటున్న ఇల్లేదో తెలియాలంటే మాత్రం జనవరిలో, చీకటి పడ్డాక ఆ వీధుల్లో నడవాలి... ఏ కిటికీలో దీపం వెలుగుతోందో చూసుకుంటూ!