కొండవీడు ఘాట్ రోడ్డు మీద 50 కిలోమీటర్లు

కొండవీడు యాత్ర గురించి, రెడ్డిరాజుల కోట గురించి పోయిన నెల గోడపత్రికలో చదివారు గదా. రెండో శనివారం వార్డెన్ సారు అనుమతితో మేం పదిమందిమి మళ్ళీ అక్కడికే ఎందుకు వెళ్ళామని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మకు దవడ లోపల పుండు లేచింది. ఆమెకు ఖైనీ అలవాటు. వేడి చేసిందనుకుని నెయ్యి రాసుకుంది, పసుపు పెట్టుకుంది. మూడు వారాలు దాటినా మానని పుండును డాక్టరుకు చూపించాలని మా తండాలో ఎవరికీ తెలియదు. (మీ ఇళ్ళల్లో చెప్పండి. నోట్లో తెల్లమచ్చ కనబడినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా చూపించుకోవాలి.) ఆపరేషన్ చేశారు. తర్వాత ఆరు వారాలు కరెంటు పెట్టారు, వారానికి అయిదు రోజులు. కార్డు ఉంది గనుక వైద్యానికి డబ్బు తీసుకోలేదు. కానీ బస్సు చార్జీలు, తోడున్న పెదనాన్న తిండి ఎవరిస్తారు? అవి మిరప కోతల రోజులు. ఇద్దరి కూలీ పోయింది. మేకలు అమ్మారు. ఎవరినైనా సాయం అడుగుదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. పని చేయకుండా చెయ్యి చాచడమా అంది.

ఈ సంగతి పి.ఈ.టి. సారుకు చెబితే ఆయన టెర్రీ ఫాక్స్ కథ చెప్పారు. అతను కెనడా కుర్రవాడు. 1977లో ఎముక క్యాన్సర్ వచ్చి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలని, 1980 ఏప్రిల్ 12న పెట్టుడు కాలుతో దేశం ఒక చివర నుంచి పరుగు మొదలెట్టాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజూ ఒక మారథాన్! 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పోయాడు. రోగం ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోయాడు. 1981 జూన్ 28న చనిపోయాడు. అప్పటికి 22 ఏళ్ళు. అతను అడిగింది తలకు ఒక డాలరు. అప్పుడు కెనడా జనాభా సుమారు 2 కోట్ల 40 లక్షలు. 1981 ఫిబ్రవరికల్లా 2 కోట్ల 41 లక్షల పైచిలుకు డాలర్లు వచ్చాయి. ఈ లెక్క నేను సారు చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

మారథాన్ దూరం దాటితే అల్ట్రా మారథాన్ అంటారు. నేనొక్కణ్ణే పరుగెత్తుతానంటే సారు కేకలేశారు. మన వయసులో అంత దూరం కూడదట. ఘాట్ రోడ్డు సుమారు 5 కిలోమీటర్లు. ఒకరు ఎక్కాక పైన ఉన్నవాళ్ళు దిగాలి. అట్లా పదిమందికి 50. నాకు ఎక్కే వంతు వచ్చింది. రెండో మలుపుకే పిక్కలు పట్టేశాయి. దిగడం సుఖమనుకున్నవాళ్ళకు మోకాళ్ళు వణికాయి, వాళ్ళనే అడగండి.

తలకు ఒక రూపాయి అని డబ్బా పెట్టాం. కొండ కింద సోడాబండి ఆయన “పరుగెత్తితే పుండు మానుద్దా?” అని నవ్వాడు. నాలుగోవాడు చెమటలు కక్కుకుంటూ దిగి వచ్చాక తనే పది రూపాయలు వేశాడు. ఊరికే అడిగితే వేసేవాడు కాదని నా అభిప్రాయం.

హాస్టల్లో వేసినవి, వంటమనుషులు వేసినవి కలిపి 1,846 రూపాయలయ్యాయి. తీసుకెళ్తే పెద్దమ్మ మొదట వద్దంది. ఎవరెవరు ఎక్కారు, ఎవరెవరు దిగారు అని పేరుపేరునా అడిగి, తర్వాత 400 తీసుకుంది, చెకప్‌కు బస్సు చార్జీకి. మిగిలింది పక్క తండాలో కరెంటుకు తిరుగుతున్న ఆమెకు ఇమ్మంది. ఆ 1,446 రూపాయలు వార్డెన్ సారు దగ్గరున్నాయి. ఆదివారం ఇవ్వడానికి వెళ్తున్నాం. రాదలచినవాళ్ళు శుక్రవారంలోగా నాకు పేర్లు ఇవ్వండి.